ఇన్నయ్య మేస్త్రి జత కత్తులు

"దెబ్బ తగిలింది ఆ కత్తికి. దీనికేటయింది? దీన్నెందుకు అరగదియ్యాల?" అన్నాను నేను, దెబ్బ తగలని కత్తిని గోనెగుడ్డలో చుట్టి గుండెకి ఆనించి పట్టుకుని.

"రెండూ జత. ఒకటి తగ్గితే రెండోదీ తగ్గాల," అన్నారు ఇన్నయ్య మేస్త్రి.

"జతయితే మాత్రం? మొగుడికి కాలిరిగితే పెళ్ళాం కాలు ఇరగ్గొడతారేటి?"

"ఇరగ్గొట్టక్కర్నేదు. ఆడు కుంటతంటే పక్కనున్నది కూడా నెమ్మదిగా నడవాల. నేదంటే ఇద్దరూ బోర్లా పడతారు. ఇలాగియ్యి."

"నానివ్వను. కొత్త కత్తులు ఎప్పుడొత్తాయో మీకే తెల్దు. ఓడల్లో తిరిగినోరు మీరు, పారెయ్యడం అలవాటు. మాకు అలవాటు నేదు."

"నీ పిసినారితనం నీ ఇంటికాడ సూపించుకో నూకాలూ. నా మిషను కాడ కాదు!"

ఈ తగాదా జరిగి నలభై ఏళ్ళు దాటింది. మొన్న గోపాలపట్నంలో మా వీధిలోకి సానబట్టేవాడు వచ్చాడు. సైకిలు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ, ఎవరిదో కూరల కత్తి రాతికి ఆనించాడు. తడిరాయి మీద ఇనుము వేడెక్కితే ఒక వాసన వస్తుంది. వాన పడ్డ రైలు పట్టాల వాసన లాంటిది. వరండాలో చింతపండు పిక్కలు తీస్తున్నదాన్ని చెయ్యి ఆపేశాను. ఆ వాసన వెనకాలే ఇన్నయ్య మేస్త్రి వచ్చి నిలబడ్డారు, ఖాకీ చొక్కా, మెడలో సిలువ, కళ్ళు చికిలించి చూసే చూపుతో సహా. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగల్లేదనుకుంటాను. నేను చదివింది మూడో తరగతి. అయినా రాయాలనిపించింది. ఆయనకి నేను చేసిన తప్పు కూడా నేను రాస్తేనే తెలుస్తుంది, ఆయన ఎవరికీ చెప్పలేదు గనక.

పూర్ణా మార్కెట్టు వెనక నుంచి హార్బరు వైపు దిగితే, గూడ్సు బళ్ళ పట్టాల పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. అక్కడ మాంసాన్ని మెత్తగా నూరి, మసాలా కలిపి, శుభ్రం చేసిన పేగుల్లో కూరి, ఐసుపెట్టెల్లో పెట్టి పంపేవారు. రేవులో ఆగిన ఓడల్లో పనిచేసే పరదేశీ వాళ్ళు అది లేనిదే ముద్ద దిగదనేవాళ్ళు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో ఇంజినీర్ల గెస్టుహౌసులకి కూడా మా దగ్గర్నించే వెళ్ళేది. ఇదంతా ఒక్క మిషను మీద నడిచేది. కాగితాల్లో దాని పేరు బౌల్ కట్టరు. మేం గిన్నె మిషను అనేవాళ్ళం. నడుమెత్తు ఉక్కు దిమ్మ మీద బండి చక్రమంత గుండ్రటి గిన్నె. అది ఎద్దు గానుగ తిరిగినట్టు నెమ్మదిగా తిరుగుతుంది. గిన్నెకి ఒక పక్కన మూత కింద, కొడవలి వంపు తిరిగిన కత్తులు నాలుగు, రెండు జతలుగా, కంటికి కనిపించనంత వేగంగా తిరుగుతాయి. గిన్నె మాంసాన్ని కత్తుల కిందికి తెస్తుంది, కత్తులు నరికి వదుల్తాయి, గిన్నె మళ్ళీ తెస్తుంది. పది నిమిషాల్లో ముక్కలు కాస్తా వెన్నముద్ద అవుతాయి. ఆ వేగానికి మాంసం వేడెక్కిపోతే ముద్ద విరిగి నీళ్ళు కారుతుంది. అందుకని ముందు కొవ్వులేని మాంసం, ఉప్పు, తరవాత ఐసు, చివర్లో కొవ్వు. ఈ వరస తప్పితే మేస్త్రిగారు అన్నం కూడా తినేవారు కాదు, అలిగి కూర్చునేవారు.

నేను అక్కడికి ఎలా వెళ్ళానంటే, చేపల బుట్టతో వెళ్ళాను. మాది సముద్రం ఒడ్డు. మా ఆయన తెప్ప మీద వేటకి పోయేవాడు. ఒక తుపానుకి తెప్ప పోయింది, మనిషి బతికి ఒడ్డుకి చేరాడు గానీ నడుం పోయింది. ముగ్గురు పిల్లలు. నేను పూర్ణా మార్కెట్టులో చేపలు అమ్మి, కొన్నవాళ్ళకి కోసిచ్చేదాన్ని. ఒకరోజు ఈ ఖాకీ చొక్కా మనిషి నా ముందు నిలబడి చాలాసేపు నా చేతులనే చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

"కొంటావా, సూత్తా నిలబడతావా?"

"నీ కత్తి ఎవరు సానబడతారు?"

"ఎవరు సానబడితే నీకెందుకు? నానే."

"ముళ్ళకి మాంసం ఒక్క పిసరు ఒగ్గలేదు నువ్వు. రేపు మా షెడ్డుకి రా. పనుంది."

అంతే. ఇన్నయ్యగారు కుర్రతనంలో ఓడల్లో వంటవాళ్ళ దగ్గర పని నేర్చుకున్న మనిషి. భార్య పోయాక ఓడ దిగి, కోట వీధిలో చర్చి దగ్గర ఒక గదిలో ఉండేవారు. ఆదివారం పూజకి ఒకే తెల్లచొక్కా, వారమంతా ఒకే ఖాకీ. నన్ను పనిలో పెట్టుకున్నప్పుడు షెడ్డులో మగవాళ్ళు నవ్వారు. చేపలమ్మి మిషనేటి నడుపుతుందని. ఆయన నవ్వలేదు, నన్ను నవ్వనివ్వనూ లేదు.

మొదటి వారం మిషను నడపనివ్వలేదు. కడగడమే నేర్పారు. నడపడం ఒక పూటలో వస్తుంది, కడగడానికి ఒక ఏడాది పడుతుందని ఆయన లెక్క. నేను జిడ్డు గిన్నెలు కడిగినట్టే మొదటిరోజు మరిగే నీళ్ళు తెచ్చి గిన్నెలో గుమ్మరించాను. అంటుకున్న మాంసం అక్కడికక్కడే ఉడికి, బంకలాగ ఉక్కుకి పట్టేసింది. కొబ్బరి పీచుతో రుద్దుతుంటే మధ్యాహ్నం దాటింది. ఆయన స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని టీ తాగారు.

"సన్నీళ్ళు ముందు. మాంసాన్ని వండొద్దు, సాగనంపు. ఆనక గోరెచ్చ నీళ్ళు, సోడా. అన్నీ పోయినాకే మరిగిన నీళ్ళు. తెలిసిందేటి?"

"ముందే సెప్పొచ్చు కదా."

"సెప్తే సెవికి తెలుస్తాది. రుద్దితే సేతికి తెలుస్తాది."

కత్తులు విప్పేటప్పుడు ఒక తెల్లగుడ్డ పరిచేవారు. విప్పిన వరసలోనే ప్రతి బోల్టూ, ప్రతి వాషరూ దానిమీద పెట్టాలి. బిగించేటప్పుడు గుడ్డ మీద ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదటికే. ఇంకో నియమం ఉండేది, దాని ముందు దేవుడి నియమం కూడా చిన్నదే. గిన్నెలో చెయ్యి పెట్టే మనిషి ముందు గోడ మీది ఫ్యూజు పీకి తన ఒంటిమీద పెట్టుకోవాలి. పింగాణీ ఫ్యూజు, చిన్న సబ్బుబిళ్ళంత ఉండేది. ఆయన చొక్కా జేబులో వేసుకునేవారు. నాకు జేబు ఎక్కడిది? కొంగున ముడివేసుకునేదాన్ని. "ఆ ముడి నీ దగ్గరున్నంతసేపూ నీ యేళ్ళు నీయే," అనేవారు. ఒకసారి కంగారులో ఫ్యూజు బల్లమీద పెట్టి చెయ్యి లోపలికి పెట్టాను. ఆయన అరవలేదు. నా చెయ్యి పట్టుకుని పైకి తీసి, నా వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా. అయిదూ అయ్యాక వదిలేసి వెళ్ళిపోయారు. తిట్టుంటే మరిచిపోయేదాన్ని.

మా ఇద్దరికీ పొసగనిది ఒక్కటే, వృథా. మూత అంచుల్లో చిక్కుకున్న ముద్దని ఆయన గోకి పారేయమనేవారు. నాకు ప్రాణం పోయినట్టుండేది. ఉతికి ఆరబెట్టుకుని వాడే తుడుపుగుడ్డని రెండురోజులకే మార్చేస్తే గొణిగేదాన్ని. ఆయన నన్ను "కోమటి జాలరి" అని ఎగతాళి చేసేవారు. నేను ఆయన్ని "దొరగారు" అనేదాన్ని. చెయ్యి తిరిగేకొద్దీ సానబట్టే పనంతా నాకే వదిలేశారు. ఆయన కళ్ళు మందగిస్తున్నాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, మేమిద్దరం ఎప్పుడూ దాన్ని గురించి మాట్లాడుకోలేదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన తగాదాకి వస్తాను. మాంసంలో ఒక ఎముక ముక్క దొర్లింది. ఏరాల్సింది నేనే, ఏరలేదు. ఒక కత్తి అంచుకి గోరంత గంటు పడింది. గంటు పోవాలంటే అంచంతా అరగదీయాలి. అరిగితే కత్తి తేలికవుతుంది. ఎదురుగా ఉండే దాని జతని కూడా అంత తేలికా చెయ్యాలి. రెండూ సమానంగా లేకపోతే ఆ వేగానికి మిషను అదురుతుందని మేస్త్రిగారు చెప్పేవారు. సమానమో కాదో చూడ్డానికి ఒక తక్కెడ ఉండేది. ఈ పళ్ళెంలో ఒక కత్తి, ఆ పళ్ళెంలో ఒక కత్తి, మధ్యలో ముల్లు నిలువుగా నిలబడాలి. అక్కడితో ఆగేవారు కాదు. కత్తుల్ని పళ్ళేలు మార్చి మళ్ళీ తూచేవారు, తక్కెడలోనే తేడా ఉంటే అలా బయటపడుతుందని.

కొత్త కత్తులు ఏదో దేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తాయో తెలీదు. ఉన్నవాటినే బతికించుకోవాలి. అందుకే మంచి కత్తిని చేతులారా అరగదీయడం నాకు పాపమనిపించింది. పోట్లాడాను. ఇంతలో మాంసం బండి వచ్చింది. ఆయన బయటికి వెళ్తూ, "రెండూ సానబట్టి తక్కెడెయ్యి, నానొచ్చి సూత్తాను," అన్నారు.

నేను ఒక్కటే సానబట్టాను. రెండోదానికి నూనె రాసి మెరిపించాను. తూచాను. ముల్లు ఒక పక్కకి వాలింది. అప్పుడు నా కొంగులో వల సీసం ఉంది. వల కింది అంచు మునగడానికి కట్టే సీసపు గుండు, పాత వల బాగుచేస్తూ కొంగున వేసుకున్నది. చేపలమ్మేవాళ్ళకి తక్కెడ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పళ్ళేలు సమానంగా లేనప్పుడు తేలిక పళ్ళేనికి రాయి కట్టి సరిచేస్తారు, దాన్ని పాసంగం అంటారు. సరిచేయడానికి నేర్చుకున్నది దేనికైనా పనికొస్తుంది. ఆ సీసాన్ని పళ్ళతో కొరికి, చింతగింజలో సగమంత ముక్క తీసి, కాస్త కొవ్వు అద్ది తేలిక పళ్ళెం అడుగున అంటించాను. ముల్లు వచ్చి నిలువుగా నిలబడింది.

ఒక్కమాట చెప్పాలి. ఆ క్షణంలో నేను ఆయన్ని మోసం చేస్తున్నాననుకోలేదు. ఒక మంచి కత్తిని కాపాడాననుకున్నాను. ఆయనది చాదస్తమని నిజంగానే నమ్మాను.

మేస్త్రిగారు వచ్చి, వంగి, కళ్ళు చికిలించి ముల్లు చూశారు. పళ్ళేలు మారుస్తారేమోనని ఆయన చేతులనే చూశాను. మార్చలేదు. "నువ్వు తూసేవు కదా, సాల్లే," అని తక్కెడని అలాగే తీసి మేకుకి తగిలించారు. సీసం దానికే ఉండిపోయింది.

కత్తులు బిగించి, గిన్నె ఖాళీగా ఉండగా ఒకసారి తిప్పి చూడటం అలవాటు. ఆయన అరచెయ్యి మూతమీద పెట్టి, తల పక్కకి వంచి, చంటిపిల్ల జ్వరం చూసినట్టు చూసేవారు.

"ఏటో ఒణుకుతంది నూకాలూ."

"గూడ్సు బండి ఎల్తంది మేస్త్రిగారూ."

నిజంగానే వెళ్తోంది. షెడ్డు రేకులు గలగలలాడుతున్నాయి. గూడ్సు వెళ్ళేదాకా ఆగి మళ్ళీ చూద్దామన్నారు ఆయన. ఓడ ఆ సాయంత్రమే బయల్దేరుతుంది, మాంసం ఎదురుగా ఉంది, ఐసు కరిగిపోతోంది. "కరిగితే మళ్ళీ ఐసు తేవాల, దండగ," అన్నాను నేనే. మాంసం వేశాం.

కత్తులు మెల్లగా తిరిగినంతసేపూ ఏమీ కాలేదు. కొవ్వు వేసి వేగం పెంచగానే మిషను దిమ్మతో సహా అదిరింది. తరవాత ఒక చప్పుడు. ఇనుము ఇనుముని గీరే చప్పుడు, పళ్ళు జివ్వుమన్నాయి. మేస్త్రిగారు నన్ను ఒక్క తోపు తోసి స్విచ్చు కొట్టారు. అన్నీ ఆగాక ఫ్యూజు పీకి జేబులో వేసుకుని మూత తీశారు. అదురుకి బోల్టు వదులై, కత్తి జరిగి, గిన్నె చుట్టూ గీత పడింది. ముద్దనిండా వెండి రజనులాగ ఇనుప పొడి మెరుస్తోంది. మనుషులకి ఏమీ కాలేదు. మూత ఎగిరుంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

ఆ ముద్దంతా గోతిలో వేయించారు. ఎవరూ ఏరుకు తినకుండా పైన ఫినాయిలు పోయించారు. పోసింది నేనే. అంచుల్లో చిక్కుకున్న పిసరుకి ప్రాణం పెట్టినదాన్ని, గంగాళం మాంసం మీద నా చేత్తో ఫినాయిలు పోశాను.

తిరిగి వచ్చేసరికి ఆయన తక్కెడ దింపి కత్తుల్ని తూస్తున్నారు. ముల్లు నిలువుగానే ఉంది. ఆయన మొహం చూడలేకపోయాను. తక్కెడ తప్పు లేదు, కత్తుల తప్పు లేదు, అంటే తప్పు తన కళ్ళదేనని ఆయన అప్పటికే తేల్చుకుంటున్నారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశారు. అప్పుడు చేతులు వాటంతటవే చేసినట్టు కత్తుల్ని పళ్ళేలు మార్చాయి. ముల్లు ఒక్కసారిగా పడిపోయింది. ఆయన పళ్ళెం ఎత్తి బొటనవేలితో అడుగు తడిమారు. సీసం చేతికొచ్చింది. వల సీసం ఆ షెడ్డులో ఎవరిదో వెతకాల్సిన పని లేదు.

నావైపు చూశారు. దాన్ని ఫ్యూజు వేసిన జేబులోనే వేసుకున్నారు.

అప్పుడే యజమాని వచ్చారు. మేం బాబుగారనేవాళ్ళం. గిన్నెలో గీతని వేలితో తడిమి చూశారు.

"ముల్లు సరిగా చూశావా ఇన్నయ్యా?"

"సూసేను బాబూ."

"చూస్తే ఇలా ఎందుకవుతుంది? కళ్ళు కనిపించనప్పుడు ఆ ముక్క చెప్పాలి. రేపట్నించి మిషను ముట్టుకోకు. గేటు దగ్గర కూర్చో. నేను వేరే మనిషిని చూసుకుంటాను."

ఆయన జేబులో సీసం ఉంది. తీసి చూపిస్తే నా పని పోతుంది, ఆయన మిషను ఆయనకి ఉంటుంది. ఆయన తీయలేదు. "అలాగే బాబూ," అని ఫ్యూజు మాత్రం తీసి బాబుగారి చేతిలో పెట్టారు. ఆ పింగాణీ ముక్క ఆయన జేబు దాటి ఇంకొకరి చేతిలోకి వెళ్ళడం నేను చూడటం అదే మొదలు. నేను పక్కనే ఉన్నాను. నాకు నోరుంది. ముగ్గురు పిల్లలూ, నడుం పోయిన మనిషీ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. గేటు దాకా ఆయన వెనకాలే నడిచాను, ఏదైనా తిడతారేమోనని.

"మేస్త్రిగారూ, మీరు సెప్పెయ్యండి," అన్నాను చివరికి.

"ఏటి సెప్పాల? సీసం నాదేటి?" అన్నారు. తల తిప్పకుండా చర్చి వైపు వెళ్ళిపోయారు.

ఆ తరవాత చాలా ఏళ్ళు గడిచాయి. ఆయన పోయాక ఆ మిషను నేనే నడిపాను, షెడ్డు మూసేదాకా. నా చేతికింద పనిచేసినవాళ్ళు నన్ను రాక్షసి అనేవాళ్ళని నాకు తెలుసు. అననీ. అందరూ పది వేళ్ళతో ఇంటికి వెళ్ళారు. పొదుపు మనిషినే ఇప్పటికీ, సబ్బుముక్క అరిగితే కొత్త సబ్బుకి అంటించి వాడతాను. కానీ ఏది దాచుకోవాలో, ఏది అరగదీసుకోవాలో తేల్చుకునేటప్పుడు మాత్రం తొందరపడను. తక్కెడ అబద్ధమాడదంటారు. ఆడించేవాళ్ళుంటే ఆడుతుంది, ఆడించినదాన్ని నేను చెప్తున్నాను. అందుకే ఒక మనిషి తప్పని నాకు గట్టిగా అనిపించినప్పుడు, ఆ మనిషిని నా చోట, నన్ను ఆ మనిషి చోట పెట్టి ఇంకోసారి తూచుకుంటాను. సగంసార్లు ముల్లు పడిపోతుంది. ఇది నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా నోటితో చెప్పలేదు.

మిషను అదిరిన మరునాడు ఉదయం జరిగింది ఇది. నేను అందరికన్నా ముందు వెళ్ళాను. మేస్త్రిగారు అప్పటికే గేటు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. బాబుగారు కారు దిగగానే ఎదురెళ్ళి, ఒక కత్తే సానబట్టానని, పళ్ళెం కింద సీసం పెట్టింది నేనేనని చెప్పాను. మేస్త్రిగారు జేబులోంచి సీసం తీసి ఇచ్చారు. బాబుగారు ఇద్దర్నీ చూశారు. "దీన్ని పొమ్మంటావా?" అని ఆయన్ని అడిగారు. ఆయన నా చేతుల వైపు చూసి, "మిషను ముట్టనివ్వొద్దు బాబూ. నేల కడగనివ్వండి. ఆనక నాను సూత్తాను," అన్నారు. బాబుగారు ఫ్యూజు ఆయనకి తిరిగి ఇచ్చేశారు. ఆయన దాన్ని జేబులో వేసుకుని లోపలికి వెళ్ళారు. నేను వెళ్ళి చీపురు తీసుకున్నాను.